పరధ్యానం

"గోడకి బెజ్జం కొడుతున్నప్పుడు కింద పేపరు పరవాలని ఆ మాత్రం తోచదా నీకు?" అన్నాడు భర్త, సోఫాలోంచి లేవకుండానే.

పేపరు పరిచే ఉంది. గోడలోంచి రాలే పొడి మాత్రం ఆ హద్దుకి లొంగడం లేదు. పేపరు మీద కొంత, పేపరు దాటి నేల మీద కొంత, నిచ్చెన పట్టుకుని నిలబడ్డ ఆమె తల మీద కొంత పడుతోంది. నిచ్చెన ఎక్కిన మెకానిక్కు "మేడమ్, కళ్ళు జాగ్రత్త" అన్నాడు. ఆమె కదల్లేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. అప్పుడు ఉలిక్కిపడి మొహం తిప్పుకుంది.

"మా ఆవిడంతేలే బాబూ. చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది" అని భర్త నవ్వాడు.

ఆదివారం పొద్దుట మొదలైన పని అది. హాలంతా ఇల్లు మారేవాళ్ళ లారీలా ఉంది. ముందు గోడకి మూడు స్పీకర్లు, పక్కలకి రెండు, వెనక రెండు, మూల నేల మీద బియ్యపు డబ్బా అంత ఊఫరు. ఏది ఎక్కడ పెట్టాలో భర్త నెల ముందునుంచే కాగితాల మీద బొమ్మలు గీసుకుంటున్నాడు. ఆఫీసు పని కూడా అంత శ్రద్ధగా చేసి ఉండడు. గీయడం ఆయన వంతు. జరపడం, ఎత్తడం, తుడవడం ఆమె వంతు. పుస్తకాల్లేని పుస్తకాల బీరువా లోపలి గదిలోకి పోయింది. కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడత పెట్టుకునే కుర్చీ వంటింటి వెనక్కి పోయింది. తీగలు కనపడకుండా గోడ వారనే తీసుకుపోవాలి గనక బల్లలన్నీ జానెడు ముందుకి జరిగాయి. మధ్యలో నాలుగుసార్లు టీ, మధ్యాహ్నం మెకానిక్కుతో సహా అందరికీ భోజనం. అత్తగారు మంచం మీంచి "ఇంత దుమ్ము ఎవరు దులుపుతారో ఏమో" అని తెగ బెంగపడింది. ఎవరు దులుపుతారో ఆవిడకి తెలియక కాదు.

సాయంత్రానికి ఆడపడుచు కూడా వచ్చింది, తమ్ముడి కొత్త ముచ్చట చూడ్డానికి.

ఆ ఇంట్లో ఆమెకి అసలు పేరుకన్నా ముద్దుపేరే ఎక్కువ వాడకం. పరధ్యానం. ఆ పేరు పెట్టింది ఈ ఆడపడుచే. పిల్ల ఇంకా చంకలో ఉన్న రోజుల్లో ఎవరో చుట్టాలొస్తే, "మరదలా, మంచినీళ్ళు" అని పక్కనుంచే అడిగిందట. ఆమె కిటికీలోంచి చూస్తూ అలాగే నిలబడిపోయిందట. "మా మరదలి పేరు పరధ్యానం, ఇంటిపేరు పరాకు" అంది ఆడపడుచు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో సరిగా తెలియకపోయినా ఆమె కూడా నవ్వింది. కోపంతో పెట్టిన పేరు కాదది. అందుకే వదిలించుకోవడం చేతకాలేదు. తిట్టయితే ఎదురు తిరగొచ్చు. ముద్దుకి ఎలా ఎదురు తిరుగుతారు ఎవరైనా?

తీగలన్నీ బిగించాక మెకానిక్కు సోఫా మధ్యలో, మనిషి తల ఉండే ఎత్తులో చిన్న మైకొకటి నిలబెట్టి కొలతలు తీసుకున్నాడు. "ఇక్కడ కూర్చున్నవాళ్ళకి అన్ని వైపుల సౌండూ సమానంగా వస్తుంది సార్" అన్నాడు. అది భర్త కూర్చునే చోటు. తర్వాత రిమోట్లో ఏ మీట నొక్కితే ఒక్కో స్పీకరూ వరసగా పలుకుతుందో చూపించాడు. నొక్కగానే 'సూఁ' అని గాలి వీచినట్టు ఒక చప్పుడు ముందు మొదలై, పక్కకి పాకి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకొచ్చింది. ఆడపడుచు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"కళ్ళు మూసుకుని ఎటునుంచి వస్తోందో చూపించాలి. ఆట!" అన్నాడు భర్త. ముందు తనే కూర్చుని అన్నీ సరిగ్గా చూపించాడు. ఆడపడుచు ఒక్కటి తప్పింది. అత్తగారిని చెయ్యి పట్టి తెచ్చి కూర్చోబెడితే ఆవిడా ఒకట్రెండు తప్ప అన్నీ చెప్పింది. పదహారేళ్ళ కూతురు ఫోను చేతిలోంచి వదలకుండానే, కళ్ళు మూసుకుని వేలితో టకటకా చూపించేసింది.

"పరధ్యానాన్ని పిలవండర్రా!" అంది ఆడపడుచు.

ఆమె టీ పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి కూర్చుంది. ఆ సోఫా మధ్యలో కూర్చోవడం అదే మొదలు. సరదాగానే అనిపించింది. అందరూ తన చుట్టూ ఉన్నారు, తనని చూస్తున్నారు. ఈసారైనా తప్పకూడదని కళ్ళు గట్టిగా మూసుకుంది. చప్పుడు వచ్చింది. కుడి పక్కనుంచి. చూపించింది. మళ్ళీ వచ్చింది, కాస్త సన్నగా. అదీ కుడి పక్కనుంచే. చూపించింది. మళ్ళీ. మళ్ళీ అటే. నాలుగోసారికి ఆడపడుచు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "అన్నీ ఆ గోడకే ఉన్నాయనుకుంటోందిరా! మిగతావి దండగ, తిరిగి ఇచ్చెయ్!" అంటోంది. "నా ముసలి చెవులే నయం" అంది అత్తగారు. "మనసు ఇక్కడుంటే గదా" అన్నాడు భర్త. మెకానిక్కు మాత్రం "కొత్త గదండీ, అలవాటవుతుంది" అని తీగ ముక్కలు ఏరుకున్నాడు.

"అమ్మతో ఆటేంటి నాన్నా. అమ్మకి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే" అంది కూతురు, ఫోన్లోంచి తలెత్తకుండా.

అందరి నవ్వులకీ అలవాటు పడ్డ మనిషికి ఆ ఒక్క మాట మాత్రం లోపలెక్కడో దిగబడింది. ఆమె కూడా నవ్వి, లేచి, కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు తోముతుంటే ఒక సంగతి పంటి కింద రాయిలా పదే పదే తగిలింది. మిగతా ఎప్పుడేమైనా సరే, ఈసారి మాత్రం తను పరధ్యానంలో లేదు. గ్యాస్ కట్టేశానా లేదా అని గాని, రేపటి కూర ఏమిటని గాని ఆలోచించలేదు. ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని కూర్చుంది. అయినా తప్పింది. మనసు పెట్టినా తప్పిందంటే తప్పు మనసుదేనా?

మర్నాడు అందరూ వెళ్ళిపోయారు. భర్త ఆఫీసుకి, కూతురు కాలేజీకి, అత్తగారు నాలుగు రోజులు ఉండి రావడానికి ఆడపడుచు ఇంటికి. ఆమెకి ఆస్పత్రిలో డ్యూటీకి ఇంకాస్త టైముంది. తడిగుడ్డతో స్పీకర్ల మీది దుమ్ము తుడుస్తూ తుడుస్తూ రిమోటు తీసుకుంది. మెకానిక్కు ఆమెకి చూపించలేదు గాని, చూపిస్తుంటే ఆమె పక్కనే నిలబడి ఉంది. మీట నొక్కి సోఫా మధ్యలో కూర్చుంది. చప్పుడు గదంతా తిరుగుతోందని నిన్న అందరూ చెప్పారు. ఆమెకి మాత్రం అది ఎక్కడికీ తిరగడం లేదు. కుడి పక్కనే పెద్దదై చిన్నదై, చిన్నదై పెద్దదై, కట్టేసిన గొడ్డులా అక్కడక్కడే తిరుగుతోంది.

ఎందుకు తోచిందో, ఎడమ చెవిలో వేలు పెట్టి మూసుకుంది. చప్పుడులో మార్పేమీ లేదు. ఆ వేలు తీసి కుడి చెవిలో గట్టిగా దూర్చింది.

కరెంటు పోయిందనుకుంది.

నిజంగానే అలా అనుకుని తలెత్తి ఫ్యాను వైపు చూసింది. ఫ్యాను తిరుగుతోంది. చప్పుడు లేకుండా తిరుగుతోంది. కుడి చెవిలో వేలు అలాగే ఉంచుకుని లేచి, ఎడమ గోడ స్పీకరు దగ్గరికి నడిచింది. దాని వంతు వచ్చినప్పుడు ముందున్న నల్లగుడ్డ సన్నగా వణకడం కనిపించింది. ఎడమ చెవి దానికి ఆనించింది. చెంపకి వణుకు తెలిసింది గాని చప్పుడు లేదు. వేలు తీసింది, చప్పుడు. పెట్టింది, ఏమీ లేదు. తీసింది. పెట్టింది. చీకటి గదిలో స్విచ్చి వేసి ఆర్పి ఆడుకునే పిల్లలా ఎంతసేపు అలా చేసిందో ఆమెకే తెలియదు. చివరికి, నిన్నటి గోడ పొడి ఇంకా సందుల్లో మిగిలే ఉన్న ఆ నేల మీదే చతికిలబడింది.

ఏడుపు రాలేదు. ముందుగా వచ్చినవి మాటలు. ఇన్నేళ్ళ మాటలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఆమె ముందు వరసగా నిలబడ్డాయి. "పక్కలో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే కన్నతల్లికి మెలకువ రాదా? మొద్దు నిద్ర!" అది అత్తగారు. కుడి పక్కకి తిరిగి, ఆ ఒక్క చెవీ దిండులోకి పోయేలా పడుకునేది తను. "గేటు దగ్గర గంట నుంచీ అరుస్తున్నా, లోపల ఏ లోకంలో ఉన్నావ్?" అది భర్త. "పిలిస్తే పలకదు, ఎంత పొగరో చూడు" అంది ఆస్పత్రిలో ఎడం పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ, మరొకావిడతో, బాత్రూములో ఆమె ఉందని తెలియక. ఆస్పత్రి ముందు గదిలో వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని ఏ డాక్టరు గది ఎటో చెప్పి పంపడం ఆమె ఉద్యోగం. ఎన్నో ఏళ్ళు చేశాక పైమెట్టు తనకే వస్తుందనుకుంటే తన వెనక చేరిన అమ్మాయికి ఇచ్చి, అక్కడి పెద్దాయన పిలిచి మెత్తగా చెప్పాడు, "మీ పనికి వంక లేదమ్మా. కాకపోతే ధ్యాస తక్కువ. నలుగురూ నాలుగు పక్కలనుంచి పిలిచే చోటు గదా." నిజమే సార్ అంది. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని, తనని తనే తిట్టుకుంది. వాళ్ళందరూ తనని అన్నవి ఒక ఎత్తు. వాళ్ళతో కలిసి తనని తను అనుకున్నవి ఒక ఎత్తు.

ఎప్పుడు పోయిందీ చెవి? అది వెతుక్కోనక్కర్లేదు. పిల్ల పుట్టిన కొత్తల్లో జ్వరంతో బాటు ఎడమ చెవిలో పోటు వచ్చింది. సూదులతో పొడిచినట్టు ఉండేది. "చెవి నొప్పిగా ఉందండీ" అంటే "అమ్మకి చెప్పు" అన్నాడు భర్త. అత్తగారికి చెబితే "నూనె వెచ్చబెట్టి రెండు చుక్కలు వేసుకో, పాలిచ్చేదానివి, అడ్డమైన మందులూ మింగకూడదు" అంది. చీము కారేది. పొద్దున్నే ఎవరూ లేవకముందే దిండు గలీబు ఉతికి ఆరేసుకునేది, చూస్తే అసహ్యించుకుంటారని. ఇంకోసారి చెప్పింది. "రోజూ అదే పాటా?" అన్నాడాయన, ఎటో వెళ్ళే హడావిడిలో చెప్పులేసుకుంటూ. మూడోసారి చెప్పలేదు. కొన్నాళ్ళకి పోటు దానంతట అదే తగ్గింది. హమ్మయ్య అనుకుంది. నొప్పి తనతోబాటు ఇంకోటి కూడా పట్టుకుపోయిందని అప్పుడు ఎవరు చెబుతారు? చంకలో పిల్ల, పొయ్యి మీద పాలు, గుమ్మంలో చుట్టాలు. చెవిలో ఏముందో చూసుకునే తీరికెక్కడిది? ఆ పక్క కాస్త మందంగా ఉన్నట్టుండేది. తల ఊపి, మరిచిపోయేది. ఫోను కుడి చెవికే పెట్టుకోవడం, నడిస్తే ఎవరికైనా ఎడం పక్కన నడవడం వాటంతటవే అలవాటైపోయాయి. పెడచెవిన పెట్టడమని అంటారు. ఆమె ఎవరి మాటా పెడచెవిన పెట్టలేదు. ఆమె చెవినే అందరూ పెడచెవిన పెట్టారు. అందరితోబాటు ఆమె కూడా.

ఇంకొక జ్ఞాపకం ఉంది. దాని దగ్గరికి పోవడానికి ఇష్టం లేక మిగతావాటి చుట్టూ తిరుగుతూ వచ్చింది గాని, అదీ వచ్చి కూర్చుంది. కూతురికి నాలుగేళ్ళు. పొయ్యి మీంచి పాలగిన్నె దింపి ఇటు తిరిగేసరికి పిల్ల కాళ్ళకి అడ్డంగా ఉంది. మోచేతి కిందనుంచి మణికట్టు దాకా కాలింది. ఆ చర్మం ఇప్పటికీ ముడతలు పడి మెరుస్తూ ఉంటుంది, అందుకే ఆ పిల్ల ఎంత ఎండల్లోనైనా పొడుగు చేతుల బట్టలే వేసుకుంటుంది. వంటింటి అరలో లైబ్రరీ పుస్తకం ఒకటి బోర్లించి ఉంది ఆ రోజు. ఇల్లంతా కలిసి నేరస్థుణ్ణి పట్టుకున్నారు. "ఆ కథల పుస్తకాలు చదివి చదివే దీనికి ఈ పరధ్యానం" అంది అత్తగారు. భర్త పుస్తకం తిరిగిచ్చేసి, కార్డు కూడా రద్దు చేయించుకుని వచ్చాడు. ఆమె తగిన శాస్తే అనుకుంది. అప్పట్నుంచి మళ్ళీ పుస్తకం ముట్టలేదు. ఏ పని చేస్తున్నా, ఆ చెయ్యి కనపడినప్పుడల్లా, కన్నబిడ్డ వెనకొచ్చి నిలబడితే తెలుసుకోలేని తల్లిని నేను అనుకుంటూ పన్నెండేళ్ళు బతికింది.

అప్పుడు వచ్చింది ఏడుపు. స్పీకర్లింకా సూఁ సూఁ అంటూనే ఉన్నాయి.

డ్యూటీ అయ్యాక ఆమె ఇంటికి రాకుండా ఆస్పత్రిలోనే చెవి డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చుంది. ఆ గది ఎటో రోజూ అందరికీ వేలు పెట్టి చూపించే మనిషి, తను లోపలికి రావడం అదే మొదలు. దీపం కింద చీకటంటే ఇదే. లోపల గాజు తలుపున్న చిన్న అర ఒకటుంది. చెవులకి తొడుగులు పెట్టి, చేతికొక మీట ఇచ్చి, "చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కండి" అని తలుపు మూసింది పరీక్ష చేసే అమ్మాయి. కుడి చెవిలో సన్నగా, లావుగా, దూరంగా, దగ్గరగా రకరకాల కూతలు. అన్నిటికీ నొక్కింది. తర్వాత ఆగిపోయింది. ఇక ఎడమ చెవికి మొదలుపెడతారు కాబోలని మీట మీద బొటనవేలు పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా పీలుస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ ఏమీ లేదు. గాజు అవతల ఆ అమ్మాయి ఏవో తిప్పుతోంది, రాసుకుంటోంది. చివరికి వచ్చి తలుపు తీసింది.

"అయిపోయిందండీ."

"ఎడమ చెవికి ఇంకా మొదలుపెట్టలేదుగా అమ్మా?"

ఆ అమ్మాయి తొడుగులు మెల్లగా తీసి, పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. చెయ్యి పట్టుకున్నాక ఇక చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

చెవి డాక్టరు ఉద్యోగ విరమణకి దగ్గరపడ్డ పెద్దావిడ. కాగితం వంక చూసి, చెవిలోకి దీపం వేసి చూసి, సంగతంతా అడిగి తెలుసుకుంది.

"ఇన్నేళ్ళు ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

"గమనించారండీ. పేరు కూడా పెట్టారు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. ఆమె విడమరచి చెప్పలేదు. "అప్పుడే వచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి డాక్టరమ్మ తనే ఆపేసుకుంది. ఆ చెవి ఇక రాదంది. మిషన్లేవో ఉన్నాయి గాని ఇంత పాతబడ్డ దానికి పెద్దగా ఒరిగేదేమీ ఉండదంది. "ఉన్నదాన్ని కాపాడుకోవాలి. పెద్ద చప్పుళ్ళకి దూరంగా ఉండండి. గోల మధ్య కూర్చోకండి. ఇది కూడా పోతే కష్టం" అంది. ఆమె బుద్ధిగా తలూపింది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర ఆగి, ఇంట్లో ఏడు స్పీకర్లూ ఒక ఊఫరూ ఉన్నాయని డాక్టరమ్మకి చెప్పడం మర్చిపోయానని గుర్తొచ్చి నవ్వుకుంది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

ఇంటికొచ్చేసరికి భర్త అప్పటికే సినిమా పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఎవరో ఎవర్నో తరుముతున్నారు, వంటింటి అల్మరాలో గ్లాసులు కూడా వణుకుతున్నాయి. ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"తప్పుకో, తప్పుకో, కనపడట్లేదు."

"ఒక మాట చెప్పాలి."

"చెప్పు, వింటున్నా."

"అది ఆపండి."

ఆ గొంతు ఎప్పుడూ విన్నది కాదు కాబోలు, ఆపాడు. చెప్పింది. ఎక్కువ మాటలు లేవు. ఒక చెవి వినపడదు. పిల్ల పుట్టినప్పట్నుంచీ వినపడదు. ఇక రాదు. ఆయన మొహంలో రంగు తగ్గింది. రిమోటు పక్కన పెట్టి కాసేపు నేల వంక చూశాడు. ఆ కాసేపూ ఆమె ఆయన్ని ఎంతో ఆశగా చూసింది. ఎంత ఆశో తర్వాత తలుచుకుని సిగ్గుపడింది. దగ్గరికి వస్తాడేమో, ఏ చెవి అని అడుగుతాడేమో, ఊరికే చెయ్యి పట్టుకుంటాడేమో అనుకుంది.

"మరి ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు.

ఆమె భుజాన ఉన్న సంచీ దింపి బల్ల మీద పెట్టింది.

"నాకెలా తెలుస్తుంది నువ్వు చెప్పకపోతే? నేనేమైనా మనసులో దూరి చూస్తానా?" అన్నాడు మళ్ళీ, ఈసారి కాస్త కోపంగా. తప్పు తన మీదకి రాకుండా గోడ కట్టుకుంటున్నప్పుడు వచ్చే కోపం అది. "సరే, జరిగిందేదో జరిగింది. అమ్మతో అనకు. ఆ నూనె సంగతి తలుచుకుని బాధపడుతుంది, ఈ వయసులో. అక్కకి కూడా చెప్పకు, ఊరంతా చాటుతుంది."

"పెద్ద చప్పుళ్ళు వద్దంది డాక్టరమ్మ. ఇంకో చెవి కూడా పోతుందని."

ఆయన స్పీకర్ల వంక ఒకసారి చుట్టూ చూశాడు. నెల్లాళ్ళ బొమ్మలు, నిన్నటి బెజ్జాలు. "అంటే ఇదంతా పీకించెయ్యమంటావా?"

"నేనలా అనలేదు."

"నేను చూసేది రోజూ కాసేపేగా. ఆ కాసేపూ నువ్వు లోపల తలుపేసుకుని కూర్చో. ఎలాగూ వంటింట్లో పనుంటుందిగా" అన్నాడు. సమస్య తీర్చిన మనిషి తెరిపితో రిమోటు అందుకున్నాడు. చెడ్డవాడు కాదు. సౌండు రెండు గీతలు తగ్గించాడు కూడా. ఆమె నడవా దాటేలోపే మర్చిపోయి మళ్ళీ పెంచాడు.

వంటింట్లోకి వెళ్ళబోయి, ఆగి, కూతురి గది తలుపు తోసింది.

కూతురు బల్ల ముందు కూర్చుని ఏదో రాసుకుంటోంది. ఆమె మంచం అంచున కూర్చుంది. ఆ గదిలోకి ఉతికిన బట్టలు పెట్టడానికో, ఎంగిలి గ్లాసు తీసుకోవడానికో తప్ప వచ్చి కూర్చుని ఎన్నాళ్ళైందో. "ఏంటమ్మా?" అంది కూతురు, అడ్డు వచ్చావన్నట్టు.

తండ్రికి చెప్పినంత పొట్టిగానే చెప్పింది. కలం ఆగిపోయింది. ఆ పిల్ల కుర్చీలోంచి ఇటు తిరిగి, "ఏ చెవి?" అంది.

"ఎడమది."

"ఆ రోజు నేను ఏ పక్కనుంచి వచ్చానమ్మా?"

ఏ రోజని ఆమె అడగలేదు. వాళ్ళిద్దరి మధ్య 'ఆ రోజు' అంటే ఒకటే. ఆ పాత ఇంటి వంటగది, పొయ్యి, గుమ్మం అన్నీ కళ్ళముందుకొచ్చాయి. "ఎడం పక్కనుంచి. గుమ్మం అటే ఉండేది."

కూతురు డ్రెస్సు పొడుగు చేతి మీద చెయ్యి వేసుకుని రుద్దుకుంది. చలేసినట్టు.

"పిలిచానమ్మా. అది నాకు బాగా గుర్తుంది. చాలాసార్లు పిలిచాను. నువ్వు ఇటు చూడనే లేదు. నామీద కోపమేమో అనుకున్నా. అందుకే వెనకనుంచి నిన్ను పట్టుకుని లాగాను." ఆగింది. "లాగానని ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. అందరూ నిన్నే అంటుంటే ఊరుకున్నాను."

"నాలుగేళ్ళ దానివే. నువ్వేం చేశావని?"

"అది కాదమ్మా. ఆ తర్వాత కూడా పిలిచేదాన్ని. ఒక్కోసారి పలికేదానివి, ఒక్కోసారి పలికేదానివి కాదు. ఎప్పుడు పలుకుతావో తెలిసేది కాదు. నేనంటే నీకు ఇష్టమున్న రోజులూ, లేని రోజులూ ఉంటాయనుకునేదాన్ని. కొన్నాళ్ళకి పిలవడం మానేశాను."

ఆమెకి చెవి పోయిందని తెలిసినప్పుడు కూడా ఇంత పోయిందని తెలియలేదు. భర్త అన్నవీ అత్తగారు అన్నవీ పైకి వినపడ్డ మాటలు, వాటి లెక్క తెలుస్తుంది. వినపడకుండా పోయినవాటి లెక్క ఎవరు చెబుతారు? తన వెనక నిలబడి పిలిచి పిలిచి, పలకలేదని చిన్నబోయి, గుమ్మంలోంచి వెనక్కి తిరిగిపోయిన ఆ చిన్న పిల్ల ఎన్నిసార్లు అలా తిరిగిపోయిందో. ఆ పిల్లని ఇప్పుడు ఎక్కడికి వెళ్ళి వెతికి తెచ్చుకుంటుంది?

"ఆ రోజు ఎందుకు పిలిచావే?" అంది చివరికి. "ఏం చెప్పాలనుకున్నావు?"

కూతురు కళ్ళు చిట్లించి ఆలోచించింది. నిజంగానే ఎంతో ఆలోచించింది.

"గుర్తు లేదమ్మా" అంది. అని, బల్ల మీద తల వాల్చేసి ఏడ్చింది.

ఆమె లేచి వెళ్ళి ఆ తల మీద చెయ్యి వేసింది. తర్వాత ఇద్దరూ మంచం మీదకి వచ్చారు. కూతురు ఆమె ఎడం పక్కన కూర్చోబోయి, గుర్తొచ్చి లేచి, మంచం చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చి కూర్చుంది. ఆ రెండడుగుల కోసం తను ఆ పిల్లకి జీవితాంతం రుణపడి ఉన్నట్టు అనిపించింది. డ్రెస్సు చేతిని మెల్లగా పైకి మడిచి, ముడతలు పడ్డ ఆ చర్మం మీద అరచెయ్యి ఆనించింది. కూతురు చెయ్యి లాక్కోలేదు.

"కాలేజీలో ఒక సంగతి జరిగిందమ్మా" అంది కాసేపటికి, ముక్కు ఎగబీలుస్తూ. "నాన్నకి చెప్పలేదు. పోయిన వారం..."

హాల్లో చప్పుడు ఒక్కసారి తగ్గింది. "ఇదిగో! ఎక్కడున్నావ్? టీ ఏమైనా ఉందా? ఓయ్, నిన్నే!" అని భర్త కేక. గోడలు దాటి, నడవా దాటి, శుభ్రంగా వచ్చింది.

కూతురు మాట ఆపి తల్లి మొహం వంక చూసింది. వినపడలేదనుకుని చెవి దగ్గరికి వంగి, "అమ్మా, నాన్న పిలుస్తున్నారు" అంది.

"వినపడింది."

"మరి?"

"పనుంటే ఆయనే ఇక్కడికి వస్తారు" అంది ఆమె. "నువ్వు చెప్పు."